వృద్ధి 3 శాతం, టెన్షన్ 100 శాతం: ఈసారి మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. ప్రపంచ ఆర్థిక పరిస్థితి, బ్యాంకులు, అప్పులు, "మళ్లీ 2008 ఆర్థిక సంక్షోభం వస్తుందా" అనే భయం. అందుకే మిగతావన్నీ పక్కన పెట్టి ఈ సంచిక మొత్తం వీటికే ఇచ్చేశాను. ఒకే ప్రశ్న నలుగురు నాలుగు రకాలుగా అడిగినచోట కలిపి ఒకటిగా రాశాను. పేర్లు వెయ్యొద్దని చాలామంది కోరారు కాబట్టి ఎవరి పేరూ వెయ్యలేదు.

ప్రశ్న: ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) వాళ్లు ఒకే వారంలో రెండు రిపోర్టులు వదులుతారు. ఒకదాంట్లో ప్రపంచ వృద్ధి 3 శాతం దాకా ఉంది, పర్లేదంటారు. రెండోదాంట్లో ఫైనాన్షియల్ సిస్టమ్‌కి ముప్పు పెరిగిందంటారు. మేం దేన్ని నమ్మాలండీ? (ఒక కామర్స్ లెక్చరర్)

రెండూ నమ్మండి. అవి అసలు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఏటా ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో వచ్చే ప్రపంచ ఆర్థిక అంచనాల రిపోర్టు, ఇప్పుడున్న విధానాలు ఇలాగే సాగితే ఏం జరిగే అవకాశం ఎక్కువో చెబుతుంది. దాంతోపాటే వచ్చే ఆర్థిక స్థిరత్వ నివేదిక, ఒకవేళ తేడా కొడితే దెబ్బ ఎంత లోతుకు దిగుతుంది, ఎవరి మీద పడుతుంది అని చూస్తుంది. మొదటిది బాగుండి రెండోది బాగోకపోవడంలో విడ్డూరమేమీ లేదు. చాలాసార్లు అలాగే ఉంటుంది కూడా, ఎందుకంటే రోజులు బాగున్నప్పుడే జనం ధైర్యంగా అప్పులు చేస్తారు, ఇచ్చేవాళ్లూ కాగితాలు సరిగ్గా చూడకుండా ఇచ్చేస్తారు.

ఇక ఆ వృద్ధి అంకె సంగతి. 2025నే తీసుకోండి. ఆ ఏడాది ప్రపంచ వృద్ధి 3.3 శాతం ఉంటుందని జనవరిలో అన్నారు. ఏప్రిల్ 2న అమెరికా దాదాపు అన్ని దేశాల మీదా సుంకాలు ప్రకటించింది, ఆ నెల రిపోర్టులో అంచనా 2.8కి దిగిపోయింది. జులైలో 3.0 అయింది, అక్టోబర్‌లో 3.2. "వీళ్లు నోటికొచ్చింది చెబుతారు" అని ఒకాయన కోపంగా రాశారు. అంత మాట నేను అనను. సుంకాలు కొన్ని వాయిదా పడ్డాయి, కొన్ని తగ్గాయి, కంపెనీలు గడువు రాకముందే సరుకు తెప్పించుకుని గోదాములు నింపుకున్నాయి, ఏఐ మీద పెట్టుబడి ఊహించినదానికన్నా ఎక్కువగా వచ్చింది. ఏప్రిల్‌లో కూర్చుని ఇవన్నీ ఎవరు చెప్పగలరు? దశాంశం తర్వాతి అంకెను పట్టుకుని వాదించుకోవడం మనం మానేస్తే సరిపోతుంది.

అలాగని ఐఎంఎఫ్‌ను మరీ వెనకేసుకు రావడం లేదు. 2007 ఏప్రిల్ రిపోర్టులో, ఆర్నెల్ల కిందటితో పోలిస్తే ముప్పులు తగ్గినట్టే కనిపిస్తున్నాయని రాసింది కూడా వీళ్లే. అప్పటికే అమెరికాలో ఇళ్ల అప్పులు వసూలు కాక న్యూ సెంచరీ అనే పెద్ద రుణ సంస్థ దివాలా పిటిషన్ వేసేసింది. ఆ తర్వాతి ఏడాది సెప్టెంబర్ 15న లేమన్ బ్రదర్స్ అనే అమెరికా పెట్టుబడి బ్యాంకు కూలింది.

నేనైతే వృద్ధి అంకెకన్నా ముందు ఇంకోటి చూస్తాను. రేపో మాపో తిరిగివ్వాల్సిన డబ్బు తెచ్చి, అడగ్గానే అమ్ముకోలేని చోట పెట్టినవాళ్లు ఎవరు? వాళ్లు ఎంత పెద్దవాళ్లు, వాళ్లకు అప్పిచ్చింది ఎవరు? గత నలభై ఏళ్ల సంక్షోభాల్లో చాలావాటికి మూలం అక్కడే దొరుకుతుంది. కింది జవాబుల్లో ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది, విసుక్కోకండి.

ప్రశ్న: 2008 తర్వాత బ్యాంకులకు అన్ని రూల్స్ పెట్టారు కదా, మరి 2023లో సిలికాన్ వ్యాలీ బ్యాంక్, క్రెడిట్ సూయిస్ ఎలా పోయాయి? ఆ రూల్స్ అన్నీ దండగేనా? (బ్యాంకు పరీక్షలకు చదువుతున్న అమ్మాయి)

దండగేం కాదమ్మా. 2008 తర్వాత అంతర్జాతీయంగా రాసుకున్న బాసెల్ 3 రూల్స్ ప్రకారం బ్యాంకు తన ఆస్తుల్లో, వాటి రిస్క్‌ను బట్టి లెక్క కట్టి, కనీసం 4.5 శాతం సొంత మూలధనం ఉంచుకోవాలి, దాని మీద ఇంకో 2.5 శాతం బఫర్, వెరసి 7. చాలా పెద్ద బ్యాంకులకైతే ఇంకా ఎక్కువ. దాంతోపాటు 30 రోజుల పాటు డబ్బు బయటికి పోతూనే ఉన్నా తట్టుకునేటన్ని, వెంటనే అమ్ముడుపోయే ఆస్తులు చేతిలో ఉండాలి. 2008కి ముందు బ్యాంకులు నడిచిన తీరుతో పోలిస్తే ఇది చాలా మెరుగు. 2020లో ప్రపంచమంతా ఒక్కసారిగా మూతపడినప్పుడు పెద్ద బ్యాంకులు నిలబడ్డాయి, ప్రభుత్వాల సాయం కూడా ఉందనుకోండి, అయినా నిలబడ్డాయి.

సిలికాన్ వ్యాలీ బ్యాంకు కథ మాత్రం బాగా అర్థం చేసుకోవాలి, పరీక్షకు పనికొస్తుందని కాదు, ఇందులో ఒక్క మొండి బాకీ కూడా అవసరం పడలేదు కాబట్టి. వాళ్లు కొన్నవి ఎక్కువగా అమెరికా ప్రభుత్వ బాండ్లు, ప్రభుత్వ హామీ ఉన్న ఇళ్ల రుణాల బాండ్లు. అంతకన్నా సేఫ్ ఏముంటుంది? ఎగవేత భయం లేదు, నిజమే. కానీ అవి దీర్ఘకాలపు బాండ్లు. 100 పెట్టి, ఏడాదికి 2 శాతం వడ్డీ వచ్చే పదేళ్ల బాండు కొన్నారనుకో. ఆ తర్వాత బయట వడ్డీలు 5 శాతానికి చేరితే నీ బాండును 100కి ఎవరూ కొనరు, 77 దగ్గర బేరం తెగుతుంది. పదేళ్లు ఆగితే నీ 100 నీకొస్తుంది. ఈలోపు అమ్మాల్సి వస్తే 23 పోయినట్టే.

అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ 2022 మార్చిలో దాదాపు సున్నా దగ్గరున్న వడ్డీ రేటును 2023 జులై కల్లా 5.25-5.5 శాతానికి తీసుకెళ్లింది. 2022 చివరికే ఈ బ్యాంకు దగ్గర, గడువు దాకా ఉంచుకుంటాం అని పక్కన పెట్టిన బాండ్ల మీద దాదాపు 1,500 కోట్ల డాలర్ల నష్టం పేరుకుపోయి ఉంది. మొత్తం సొంత మూలధనం 1,600 కోట్ల డాలర్లు, ఆ పైన కొంచెం. అంటే బండి అప్పటికే అంచున ఉంది. గడువు దాకా ఉంచుకునే బాండ్ల నష్టాన్ని లాభనష్టాల్లో చూపించక్కర్లేదన్న అకౌంటింగ్ పద్ధతి దాన్ని కప్పి ఉంచింది. దాచారని కాదు, వార్షిక నివేదికలో నోట్స్‌లో ఉంది, చదివినవాళ్లు తక్కువ.

రెండో వైపు డిపాజిటర్లు. అమెరికాలో డిపాజిట్ బీమా పరిమితి 2,50,000 డాలర్లు. ఈ బ్యాంకు ఖాతాదారులు ఎక్కువగా స్టార్టప్ కంపెనీలు, డిపాజిట్లలో 90 శాతానికి పైగా ఆ పరిమితికి బయటే ఉన్నాయి. పైగా అందరికీ ఒకరితో ఒకరికి పరిచయం, అందరికీ అవే పెట్టుబడి సంస్థలు సలహాలిస్తాయి. 2023 మార్చి 8న బ్యాంకు 2,100 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మి 180 కోట్ల నష్టం చూపించి, కొత్త మూలధనం తెస్తామని ప్రకటించింది. మర్నాడు ఒక్కరోజులో 4,200 కోట్ల డాలర్లు ఖాళీ చేశారు. ఆ మర్నాటికి ఇంకో 10,000 కోట్ల డాలర్ల విత్‌డ్రాయల్స్ క్యూలో ఉన్నాయి. 10వ తేదీన మూసేశారు. 2008లో వాషింగ్టన్ మ్యూచువల్ అనే బ్యాంకు నుంచి సుమారు పది రోజుల్లో 1,670 కోట్ల డాలర్లు వెళితే దాన్నే చరిత్రలో పెద్ద బ్యాంక్ రన్ అన్నారు. ఫోన్లో వేలు నొక్కితే డబ్బు వెళ్లిపోయే రోజుల్లో 30 రోజుల లెక్కలు ఏం సరిపోతాయి? ఇక్కడ ఆ లెక్క కూడా లేదు. 2018లో చట్టం మార్చి ఈ సైజు బ్యాంకులకు కఠినమైన రూల్స్ సడలించారు, 30 రోజుల నిబంధన వీళ్లకు వర్తించనే లేదు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయన్నట్టు, అంతా అయ్యాక ఏప్రిల్ 28న ఫెడ్ తన పర్యవేక్షణలోనూ లోపాలున్నాయని ఒప్పుకుంటూ నివేదిక ఇచ్చింది.

క్రెడిట్ సూయిస్ కేసు ఇంకా విచిత్రం. రూల్స్ ప్రకారం ఉండాల్సినవన్నీ ఉన్నాయి. 2023 మార్చి 15న స్విస్ నియంత్రణ సంస్థ, స్విస్ నేషనల్ బ్యాంకు కలిసి, ఈ బ్యాంకు మూలధనం, లిక్విడిటీ (వెంటనే అందే నగదు) నిబంధనలన్నీ పాటిస్తోందని ప్రకటన ఇచ్చాయి. నాలుగు రోజులు తిరక్కుండా 19న దాన్ని 300 కోట్ల ఫ్రాంకులకు పోటీ స్విస్ బ్యాంకు అయిన యూబీఎస్‌కు కట్టబెట్టారు. 1856లో పుట్టిన బ్యాంకు. వరసగా కుంభకోణాలు, 2021లో ఆర్కెగోస్ అనే ఒక్క ఖాతాదారు మీదే 550 కోట్ల డాలర్ల నష్టం, 2022 చివరి మూడు నెలల్లో ఖాతాదారులు తీసేసుకున్నది 11,000 కోట్ల ఫ్రాంకుల పైమాట. నిష్పత్తులు బాగున్నాయి, నమ్మేవాళ్లే మిగల్లేదు. పరీక్షలో మూలధనం గురించి ప్రశ్న వస్తే అంకెలు రాయమ్మా, ఇంటర్వ్యూలో అడిగితే మాత్రం ఈ నాలుగు రోజుల సంగతి చెప్పు.

ప్రశ్న: బ్యాంకులు గట్టిపడ్డాయి అంటున్నారు కదా, అంటే రిస్క్ తగ్గినట్టే కదా? ఈ షాడో బ్యాంకింగ్, ప్రైవేట్ క్రెడిట్ అని కొత్తగా ఏవో భయాలు ఎందుకు? (ఒక చిన్న వ్యాపారి)

తగ్గింది బ్యాంకుల్లోనండీ. అక్కడ రూల్స్ బిగించేసరికి ఆ పని రూల్స్ తక్కువగా ఉన్న చోటికి తరలిపోయింది. హెడ్జ్ ఫండ్లు, పెన్షన్ ఫండ్లు, బీమా కంపెనీలు, ప్రైవేట్ క్రెడిట్ ఫండ్లు, మనీ మార్కెట్ ఫండ్లు, వీటన్నిటినీ కలిపి బ్యాంకేతర రంగం అంటున్నారు, మీరడిగిన షాడో బ్యాంకింగ్ ఇదే. ప్రపంచంలోని మొత్తం ఫైనాన్షియల్ ఆస్తుల్లో దాదాపు సగం ఇప్పుడు వీళ్ల చేతిలో ఉంది. అందరూ చెడ్డవాళ్లని కాదు. చాలామందికి డిపాజిటర్లు లేరు, కాబట్టి బ్యాంకు ముందు క్యూ కట్టినట్టు వీళ్ల ముందు కట్టరు, అదొక మేలు కూడా. చిక్కల్లా ఎవరి దగ్గర ఎంత అప్పుందో, ఎవరు ఎవరికి బాకీయో బయటివాళ్లకు సరిగ్గా కనపడకపోవడం.

బ్రిటన్‌లో 2022 సెప్టెంబర్‌లో ఏమైందో చూడండి. పెన్షన్ ఫండ్లంటే ప్రపంచంలోకెల్లా నిదానస్తులు, ముప్పై, నలభై ఏళ్ల తర్వాత ఇవ్వాల్సిన డబ్బు గురించి ఆలోచిస్తారు. వడ్డీ రేట్లు తగ్గితే తమ బాధ్యత పెరుగుతుందని, దాన్ని సరిచేసుకోవడానికి వాళ్లు ప్రభుత్వ బాండ్లనే తాకట్టు పెట్టి, ఆ అప్పుతో ఇంకా బాండ్లు కొనే పద్ధతిలోకి వెళ్లారు. సెప్టెంబర్ 23న లిజ్ ట్రస్ ప్రభుత్వం, డబ్బెక్కడి నుంచి వస్తుందో చెప్పకుండా భారీ పన్ను కోతలతో మినీ బడ్జెట్ పెట్టింది. కొద్ది రోజుల్లోనే ముప్పై ఏళ్ల బాండ్ల మీద రాబడి రేటు ఒక శాతం పాయింటుకు పైగా ఎగిరింది, అంటే బాండ్ల ధరలు కుప్పకూలాయి. అప్పిచ్చినవాళ్లు తాకట్టు సరిపోవడం లేదు, ఇంకా తెండి అన్నారు. తేవాలంటే ఏదైనా అమ్మాలి, చేతిలో ఉన్నవి బాండ్లే, అవే అమ్మితే ధర ఇంకా పడింది, ధర పడితే మళ్లీ తాకట్టు అడిగారు. 28న బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ దిగి 6,500 కోట్ల పౌండ్ల దాకా కొంటానని చెబితే గానీ ఆ గొలుసు తెగలేదు. చివరికి కొన్నది 1,930 కోట్ల పౌండ్లే, తర్వాత లాభానికే అమ్మేసింది కూడా. కొనేవాళ్లున్నారన్న మాటే పనిచేసింది.

ఇందులో దివాలా తీసినవాళ్లెవరూ లేరు. వడ్డీలు పెరిగితే దీర్ఘకాలంలో పెన్షన్ ఫండ్లకు లాభం కూడా. అయినా ఆ వారంలో చేతిలో నగదు లేక ఒక దేశపు బాండ్ల మార్కెట్టే ఊగిపోయింది.

ప్రైవేట్ క్రెడిట్ అంటే బ్యాంకు దగ్గరికి వెళ్లకుండా, బాండ్లు జారీ చేయకుండా, ఫండ్ల దగ్గర నేరుగా తెచ్చుకునే కంపెనీ అప్పు. ఇది 2 లక్షల కోట్ల డాలర్లు దాటిందని ఐఎంఎఫ్ 2024 ఏప్రిల్‌లో రాసింది. ఈ అప్పులు మార్కెట్‌లో రోజూ చేతులు మారవు, కాబట్టి వాటి విలువ ఎంతో చాలావరకు ఫండే లెక్కవేసుకుని చెబుతుంది. ధర ఊగదు, రిపోర్టు ప్రశాంతంగా ఉంటుంది. ఆ ప్రశాంతత నాకెప్పుడూ అనుమానమే. 2025 సెప్టెంబర్‌లో అమెరికాలో ట్రైకలర్ అనే కార్ల రుణాల సంస్థ, ఫస్ట్ బ్రాండ్స్ అనే కారు విడిభాగాల కంపెనీ వెంటవెంటనే దివాలా తీశాయి. వీటిలో బ్యాంకుల డబ్బూ ఉంది, ఫండ్ల డబ్బూ ఉంది. జేపీమోర్గాన్ అధిపతి జేమీ డైమన్, ఒక బొద్దింక కనిపించిందంటే ఇంకా ఉండే ఉంటాయని అన్నారు. ప్రైవేట్ క్రెడిట్ వాళ్లకు ఆ మాట నచ్చలేదు, ఆ బొద్దింకలు మీ బ్యాంకుల్లోనే వెతుక్కోండి అన్నట్టు జవాబిచ్చారు. నా లెక్కలో ఇద్దరూ కరెక్టే, ఎందుకంటే ఆ ఫండ్లకు అప్పులిస్తున్నవాళ్లలో పెద్ద బ్యాంకులున్నాయి. ముందు తలుపు నుంచి పంపించేసిన రిస్క్ పెరటి తలుపు నుంచి లోపలికొచ్చి కూర్చుంది.

ప్రశ్న: ప్రపంచంలో అన్ని దేశాలూ అప్పుల్లోనే ఉంటే అప్పిచ్చిందెవరండీ, అంగారకుడి మీదివాళ్లా? (తొమ్మిదో తరగతి విద్యార్థి, వాళ్ల నాన్న పంపించారు)

అంగారకుడి దాకా ఎందుకు బాబూ, మీ నాన్నగారే ఇచ్చారు. ఆయన పెన్షన్ ఫండ్ ప్రభుత్వ బాండ్లు కొంటుంది, బీమా కంపెనీ కొంటుంది, డిపాజిట్ వేసిన బ్యాంకు కొంటుంది. ఒకరి అప్పు ఇంకొకరి పొదుపు. అందుకే "అప్పులన్నీ ఒక్క కలంపోటుతో రద్దు చేసేస్తే పోలా" అనేవాళ్లకు నేను చెప్పేది, మీ పొదుపు కూడా అదే కలంపోటుతో పోతుందని.

పెద్దవాళ్ల కోసం రెండు మాటలు. ప్రపంచంలోని ప్రభుత్వాల మొత్తం అప్పు 2024లో 100 లక్షల కోట్ల డాలర్లు దాటుతుందని ఐఎంఎఫ్ చెప్పింది, అంటే ప్రపంచ జీడీపీలో సుమారు 93 శాతం. ఈ అంకె చూసి గుండె పట్టుకోనక్కర్లేదు. జపాన్ ప్రభుత్వ అప్పు జీడీపీకి రెండు రెట్ల పైనే ఉంది, అయినా ఏళ్లుగా నడుస్తోంది, ఎందుకంటే చాలావరకు సొంత కరెన్సీలో, సొంత దేశస్తులకే బాకీ. అందులో సగం కూడా లేని దేశాలు పరాయి కరెన్సీలో తెచ్చుకుని కుదేలయ్యాయి. చూడాల్సినవి ఎంత వడ్డీకి తెచ్చారు, ఏ కరెన్సీలో, ఎంత త్వరగా మళ్లీ తిరగరాసుకోవాలి అనేవి. సున్నా దగ్గర వడ్డీకి తెచ్చిన పాత అప్పుల గడువు తీరి ఇప్పుడు 4, 5 శాతానికి తిరగరాస్తున్నారు, అసలు నొప్పి అక్కడే. 2024 ఆర్థిక సంవత్సరంలో అమెరికా ప్రభుత్వం రక్షణ మీద పెట్టినదానికన్నా వడ్డీలకు కట్టిందే ఎక్కువ. 2025 మేలో రేటింగ్ సంస్థ మూడీస్ కూడా ఆ దేశానికి ఇచ్చే అత్యున్నత రేటింగ్ తీసేసింది, మిగతా రెండు పెద్ద ఏజెన్సీలు 2011లోనే ఒకటి, 2023లో ఒకటి తీసేశాయి.

ఫైనాన్షియల్ సిస్టమ్‌తో దీనికి లంకె ఏమిటంటే, ప్రభుత్వ బాండ్లను బ్యాంకులు రిస్క్ లేని ఆస్తిగా పెట్టుకుంటాయి. బాండ్లు పడితే బ్యాంకులు బలహీనపడతాయి, బ్యాంకులు బలహీనపడితే వాటిని ఆదుకోవాల్సింది అదే ప్రభుత్వం, దాంతో ప్రభుత్వం అప్పు పెరిగి బాండ్లు ఇంకా పడతాయి. యూరో దేశాలు 2010 నుంచి 2012 దాకా ఈ సుడిగుండంలోనే తిరిగాయి. 2012 జులై 26న యూరోపియన్ కేంద్ర బ్యాంకు అప్పటి అధిపతి మారియో డ్రాగి, యూరోను కాపాడటానికి ఏం చేయాల్సి వస్తే అది చేస్తాం అన్నాక తిరగడం ఆగింది. ఆ మాటకు దన్నుగా ప్రకటించిన పథకం కింద ఇప్పటిదాకా ఒక్క బాండు కూడా కొనలేదు.

ప్రశ్న: ఎక్కడో ఒక దేశం వడ్డీ రేటు మారిస్తే ఇంకెక్కడో మార్కెట్లు ఎందుకు కూలతాయి? (ఐటీ ఉద్యోగి)

అప్పు తెచ్చింది ఒకచోట, పెట్టింది ఇంకోచోట కాబట్టి. జపాన్‌లో ఏళ్ల తరబడి వడ్డీ సున్నా చుట్టూనే ఉండేది. యెన్లలో అప్పు తీసుకుని, డాలర్లుగా మార్చి, అమెరికా షేర్లలోనో ఎక్కువ వడ్డీ వచ్చే దేశాల బాండ్లలోనో పెట్టడం పెద్ద వ్యాపారం అయిపోయింది. యెన్ బలపడనంత కాలం కూర్చుని తినొచ్చు. 2024 జులై 31న జపాన్ కేంద్ర బ్యాంకు రేటును 0.25 శాతానికి పెంచింది, పావు శాతం అన్నమాట! ఆ వెంటే అమెరికా నుంచి ఉద్యోగాల లెక్కలు నీరసంగా వచ్చాయి. యెన్ బలపడింది, అప్పు తీర్చాలంటే ఎక్కువ డాలర్లు కావాలి, అందరూ ఒకేసారి అమ్మబోయారు. ఆగస్టు 5న జపాన్ షేర్ల సూచీ నిక్కీ ఒక్కరోజే 12.4 శాతం పడింది, 1987 తర్వాత అంత పతనం లేదు. మర్నాడు 10 శాతానికి పైగా లేచింది. ఆ ఒక్కరోజులో జపాన్ కంపెనీల వ్యాపారంలో మారింది ఏమీ లేదు.

ఇది షేర్ల సంగతి కాబట్టి మర్నాటికి సర్దుకుంది. డాలర్లలో అప్పు చేసిన పేద దేశాలకు ఆ సుఖం లేదు. ఫెడ్ వడ్డీ పెంచితే డాలరు బలపడుతుంది, వాళ్ల పన్నులు సొంత కరెన్సీలో వస్తాయి, బాకీ డాలర్లలో పెరుగుతుంది, కొత్త అప్పు పుట్టదు. 2022లో శ్రీలంక, ఘనా చేతులెత్తేయడంలో సొంత తప్పులూ ఉన్నాయి, కోవిడ్ దెబ్బ, ఇంధన ధరలు ఉన్నాయి, దీని వాటా కూడా ఉంది. ఎగవేసిన తర్వాత పరిష్కారం ఎంత నెమ్మదో జాంబియాను అడగాలి. 2020 నవంబర్‌లో బాకీ ఆపేస్తే, బాండ్లు కొన్నవాళ్లతో ఒప్పందం అమలయ్యేసరికి 2024 జూన్ వచ్చింది. అన్నేళ్లూ ఆ దేశం కొత్తగా అప్పు తెచ్చుకోలేక నలిగింది. నన్నడిగితే ప్రపంచ ఆర్థిక వ్యవస్థలో పత్రికలు తక్కువగా రాసే, జనం ఎక్కువగా బాధపడే విషయం ఇదే.

ప్రశ్న: షేర్ మార్కెట్లు రికార్డులు కొడుతుంటే మీలాంటి వాళ్లు ఎప్పుడూ భయపెడతారెందుకు? (పేరు, వృత్తి రాయలేదు, కోపం మాత్రం రాశారు)

భయపెట్టడం నా ఉద్దేశం కాదండీ, అయినా ఒప్పుకుంటాను, మా వృత్తిలో నిరాశావాదులకు మేధావుల్లా కనిపించే సౌకర్యం ఉంది.

షేర్లు పడినంత మాత్రాన సిస్టమ్ కూలదు. అమెరికాలో టెక్ షేర్లు ఎక్కువగా ఉన్న సూచీ నాస్‌డాక్ 2000 మార్చి 10న శిఖరం తాకి, 2002 అక్టోబర్ కల్లా 78 శాతం పోగొట్టుకుంది, మళ్లీ ఆ స్థాయికి రావడానికి 2015 దాకా పట్టింది. అంత నష్టానికి అమెరికాలో వచ్చింది చిన్న మాంద్యమే. 2008లో అమెరికా ఇళ్ల ధరలు పడింది అందులో సగం కూడా కాదు, కానీ ప్రపంచమే తలకిందులైంది. తేడా అప్పులో ఉంది. డాట్‌కామ్ షేర్లు జనం ఎక్కువగా సొంత డబ్బుతో కొన్నారు, ఇళ్లు అప్పుతో కొన్నారు, ఆ అప్పును ముక్కలు చేసి బ్యాంకులు మరింత అప్పుతో కొన్నాయి.

కాబట్టి ఏఐ చిప్‌లు చేసే ఎన్విడియా 2025 అక్టోబర్‌లో 5 లక్షల కోట్ల డాలర్ల విలువ దాటిందన్నది నన్ను అంతగా కలవరపెట్టదు. ఏఐ నడిచే డేటా సెంటర్లకు డబ్బు ఎక్కడి నుంచి వస్తోందన్నది చూస్తాను. మొదట్లో పెద్ద కంపెనీలు సొంత లాభాల్లోంచి పెట్టాయి. 2025 వచ్చేసరికి అప్పులు మొదలయ్యాయి. మెటా లూసియానాలో కడుతున్న డేటా సెంటర్ కోసం బ్లూ ఔల్ అనే ఫండ్‌తో కలిసి 2,700 కోట్ల డాలర్ల ఏర్పాటు చేసుకుంది, అప్పు చాలావరకు వేరే సంస్థ పేరు మీద ఉంటుంది, మెటా ఖాతాల్లో కనపడదు. ఇది నేరమేమీ కాదు. 2008 పుస్తకాలు చదివినవాళ్లకు మాత్రం, ఖాతాల్లో కనపడని అప్పు అనే మాట వింటే చెవులు నిక్కబొడుచుకుంటాయి.

ప్రశ్న: బ్యాంకుల గొడవ లేకుండా స్టేబుల్‌కాయిన్లలో పెట్టుకుంటే? ఒక డాలరుకు ఒక కాయిన్ గ్యారంటీ అంటున్నారు.

2023 మార్చిలో యూఎస్‌డీసీ అనే స్టేబుల్‌కాయిన్, అంటే డాలరు విలువకు ముడిపెట్టిన క్రిప్టో నాణెం, ఒక దశలో 90 సెంట్ల కిందికి పడింది. కారణం తెలుసా? దాని నిల్వల్లో 330 కోట్ల డాలర్లు సిలికాన్ వ్యాలీ బ్యాంకులోనే ఉన్నాయి. అమెరికా ప్రభుత్వం ఆ బ్యాంకు డిపాజిటర్లందరికీ పూర్తి డబ్బు ఇస్తామన్నాక మళ్లీ డాలరుకు చేరింది. బ్యాంకుల గొడవ వద్దనుకుని వెళ్లినవాళ్లను కాపాడింది బ్యాంకు డిపాజిటర్లకు ఇచ్చిన హామీ. ఇంకో రకం, డాలర్ల నిల్వతో కాకుండా ప్రోగ్రాం మీద నడిచిన టెర్రా, 2022 మేలో కొద్ది రోజుల్లో సున్నాకు దగ్గరైంది. నిల్వలేమిటో, ఎక్కడున్నాయో చదివాక మీ ఇష్టం.

ప్రశ్న: ఫలానా నెలలో మహా మాంద్యం ఖాయమని ఒక వీడియోలో తేదీతో సహా చెప్పారు. నిజమేనా?

తేదీ చెప్పారంటే వీడియో ఆపేయండి. 2022 అక్టోబర్‌లో బ్లూమ్‌బర్గ్ ఆర్థికవేత్తల మోడల్, ఏడాదిలోగా అమెరికాలో మాంద్యం రావడానికి 100 శాతం అవకాశం ఉందని లెక్క కట్టింది. రాలేదు. దీర్ఘకాలపు వడ్డీకన్నా స్వల్పకాలపు వడ్డీ ఎక్కువైతే మాంద్యం వస్తుందన్న పాత గుర్తు కూడా 2022లో కనిపించి రెండేళ్లకు పైగా అలాగే ఉండి వెళ్లిపోయింది, మాంద్యం రాలేదు. ఎక్కడ బలహీనంగా ఉందో చెప్పొచ్చు, ఏ రోజు విరుగుతుందో చెప్పలేం.

ప్రశ్న: రిటైర్ అయ్యాను. ఇవన్నీ చదివితే నిద్ర పట్టదు. డబ్బంతా బంగారంలోకి మార్చేయమంటారా?

ఫలానాది కొనండి, అమ్మండి అని ఈ పేజీలో చెప్పను, మీ పరిస్థితి నాకు తెలియదు. కాకపోతే నిద్ర పట్టడానికి పనికొచ్చే పనులు కొన్నున్నాయి. మీ బ్యాంకులో డిపాజిట్ బీమా పరిమితి ఎంతో కనుక్కోండి, దాన్ని మించి ఒకే బ్యాంకులో ఉంటే విడదీయండి. వచ్చే రెండు మూడేళ్లలో అవసరమయ్యే డబ్బు, అప్పటికి ధర ఎంతుంటుందో తెలియని దేంట్లోనూ ఉంచకండి, దీర్ఘకాలపు బాండ్ ఫండ్లతో సహా. ఎక్కువ వడ్డీ ఇస్తాం, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు అని రెండూ కలిపి చెప్పేవాళ్లను, ఆ డబ్బు మీరెక్కడ పెడతారని అడగండి. బంగారం 2025 అక్టోబర్‌లో ఔన్సు 4,000 డాలర్లు దాటింది, కేంద్ర బ్యాంకులు కూడా కొంటున్నాయి, నిజమే. 1980లో శిఖరంలో కొన్నవాళ్లు ఆ ధర మళ్లీ చూడటానికి పాతికేళ్లకు పైగా ఆగారన్నదీ నిజమే. కొంత ఉంచుకోవడం వేరు, అంతా మార్చేయడం వేరండీ.

ప్రశ్న: ఇన్ని అంకెలు చెబుతారు కదా, రోజూ ఒక్కటే చూడమంటే మీరేం చూస్తారు?

అమెరికా ముప్పై ఏళ్ల ప్రభుత్వ బాండు మీద రాబడి రేటు, దాని పక్కనే డాలరు. మామూలుగా ఎక్కడ ఏ భయం పుట్టినా, ఆ భయం అమెరికాలోనే పుట్టినా సరే, డబ్బు అమెరికా బాండ్లలోకి, డాలర్లలోకి పరిగెత్తుతుంది. 2008లో అదే జరిగింది. ప్రపంచంలోని ప్రతి తాకట్టు, ప్రతి బ్యాంకు నిల్వ, ప్రతి ఫండు లెక్క ఆ అలవాటు మీద ఆధారపడి ఉంది. 2020 మార్చిలో కొద్ది రోజులు అందరూ నగదు కోసం బాండ్లు కూడా అమ్మేస్తే, ఫెడ్ వారాల్లో లక్ష కోట్ల డాలర్లకు పైగా బాండ్లు కొని నిలబెట్టాల్సి వచ్చింది. 2025 ఏప్రిల్ రెండో వారంలో, సుంకాల ప్రకటన తర్వాత, షేర్లు, బాండ్లు, డాలరు మూడూ కలిసి పడ్డాయి. అది చాలా అరుదు. అందరూ షేర్ల గురించి మాట్లాడుతుంటే నేను ఆ వారమంతా బాండ్ల పేజీయే తిప్పుతూ కూర్చున్నాను. 9వ తేదీన చాలా సుంకాలను 90 రోజులు వాయిదా వేస్తున్నట్టు ప్రకటించాక, విలేకరులు కారణం అడిగితే ట్రంప్ కూడా తాను బాండ్ల మార్కెట్‌నే చూస్తున్నానని చెప్పారు.